హర్యా తాత చెప్పని మాట

ఒక ముసలాయన నోట నేను పెట్టిన మాటను ఇరవై ఏళ్లకు పైగా మోస్తున్నాను. ఆయన పోయాడు. మాట పోలేదు.

నన్ను నమ్మడం మీకు కష్టమే. ఎల్లారెడ్డిలో నా ఎరువుల దుకాణం ముందు రోజూ పదిమంది చేరేది యూరియా కోసం కాదు, నా కోతల కోసం. నిజాంసాగర్‌లో మా మేనమామ పట్టిన చేప పిట్లం దాకా బస్సులో నిలబడి వచ్చిందని చెప్తాను. అబద్ధమని తెలిసీ రెండోసారి చెప్పించుకుంటారు. ఇది అలాంటిది కాదు. దీన్ని చెప్పమని ఎవరూ అడగలేదు.

అప్పుడు నేను కామారెడ్డిలో డిగ్రీ రెండో సంవత్సరం. సోషియాలజీలో కులాలు, తెగల పాఠం నడుస్తోంది. పాతకాలపు ప్రభుత్వాలు కొన్ని తెగలను పుట్టుకతోనే దొంగలని చట్టంలో రాశాయని ఒకరోజు సారు చెప్పారు. మర్నాటి నుంచి గోపాల్ వెనక బెంచీ వదిలి ముందు బెంచీలో కూర్చున్నాడు. హాస్టల్లో నా గదివాడే. ఎల్లారెడ్డి దగ్గర లంబాడి తండా వాడిది. ఆ తండా నుంచి డిగ్రీదాకా వచ్చిన మొదటివాడు. తనవాళ్లకు జరిగింది తప్పని ఒక పెద్దమనిషి నలుగురిలో చెప్పగా వాడు వినడం అదే మొదలు.

ఆ తర్వాత ప్రాజెక్టు ఇచ్చారు. ఎవరికి వారు తమది కాని ఊరికో తండాకో పోయి, పెద్దవాళ్లను అడిగి, ఆచారాలు రాసుకురావాలి. చెప్పినవారి పేరు, వయసు ఉండాలి. నేను గోపాల్ తండా తీసుకున్నాను. వాడి సంబరం చూడాలి. ఫలానా రోజు నేను వస్తానని వాళ్ల తాత హర్యాకు కబురు పంపాడు. వారం రోజులు ఆ తాత ముచ్చట్లే. ఎడమ చెవి వినపడదట. మంచం కోడు విరిగితే కింద రాయి పెట్టుకున్నాడట. మాట మొదలుపెట్టే ముందు రెండుసార్లు గొంతు సవరించుకుంటాడట.

ఆ రోజు ఎల్లారెడ్డిలో బస్సు దిగాను. ఎండ మండుతోంది. తండాకు చాలా దూరం నడవాలి. ఎదురుగా సినిమా హాలు. టికెట్టు కొని లోపలికి పోయాను. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఉందేమోనని చాలా వెతుక్కున్నాను. లేదు.

హాస్టల్‌కు వచ్చి, కూర్చుని రాశాను. చెవి రాశాను, రాయి పెట్టిన మంచం రాశాను, గొంతు సవరించుకోవడం రాశాను. వాటి మధ్య ఒకటి కలిపాను. ఆ తండాలో పెళ్లీడు కుర్రాడు ఒక్క దొంగతనమైనా చేసి దొరక్కుండా తిరిగొస్తేనే పిల్లనిస్తారని. చెప్పినవారు: హర్యా, డెబ్బై ఏళ్లు.

దొంగతనమే ఎందుకు? చేపను బస్సెక్కించినవాడికి ఇంకో ఆచారం తోచలేదా? దోమకొండ పక్కన మా ఊళ్లో చెరకు కొట్టడానికి తండావాళ్లు వచ్చేవారు. కోడి కనబడకపోతే మా ఇంట్లో ముందుగా వాళ్ల పేరే వచ్చేది. ఆ కోడి గడ్డివాము వెనక దొరికినా, అన్న మాట ఎవరూ వెనక్కి తీసుకునేవారు కాదు. నేను కల్పించాననుకున్నది చిన్నప్పటి నుంచి నాకు అన్నంలో కలిపి పెట్టిందే. ఆ చట్టం అన్యాయమని పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదీ నేనే.

బాగా రాశానని సారు నాతోనే క్లాసులో చదివించారు. నేను చదివితే నవ్వకుండా ఉండటం ఎవరి తరమూ కాదు.

"గోపాలూ, నీ లగ్గం ఎప్పుడుర? మా సైకిళ్లు లోపల పెట్టుకుంటం!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు.

క్లాసు అయ్యాక వరండాలో గోపాల్ నన్ను ఆపాడు.

"మా తాతనే చెప్పిండా గది?"

"ఆఁ."

"నువ్వు కోతలు కోస్తవని నాకెర్కే. ఇది గూడ కోతేనా? అయితే చెప్పు, నిన్నేం అనను."

ఏమీ అననన్నాడు. ఒక్క మాట చాలు. నేనేమన్నానో వినండి.

"కోతేందిరా? మీ తాత పక్కన, గా రాయి పెట్టిన మంచం మీదనే కూసున్న. రెండుసార్లు గొంతు సవరించుకొని మరీ చెప్పిండు. నేను పోకుంటే గివన్ని నాకెట్ల ఎర్కైతయ్?"

అవన్నీ వాడు చెప్పినవే. వాడికి తట్టలేదా? తట్టే ఉంటుంది. కానీ పక్కన పడుకునే స్నేహితుడు ఇంత పని చేస్తాడనుకోవడం కంటే, తాతకు మతి తప్పిందనుకోవడమే వాడికి తేలికైందేమో. ఆ శనివారం ఊరికి పోయాడు. మళ్లీ కాలేజీకి రాలేదు. వాడి ట్రంకు పెట్టె వాళ్ల చిన్నాన్న వచ్చి తీసుకుపోయాడు. దాన్ని బస్సు మీదికి ఎక్కించడానికి నేనూ ఒక చెయ్యి వేశాను.

పోయిన వానాకాలం గోపాల్ నా దుకాణానికి వచ్చాడు. చాలా ఏళ్లు దుబాయిలో చేసి, ఇప్పుడు తండాలోనే వ్యవసాయం. కోపం లేదు. టీ తాగుతూ తనే తీశాడు ఆ మాట.

"మా తాత సచ్చేదాక ఒక్కటే మాటరా. నా తాన ఎవ్వలు రాలే, ఉతికిన తలపాగ సుట్టుకోని పొద్దూకేదాక రోడ్డు మీద కూసున్న, అనేటోడు. అబద్ధాలకోరువని తిట్టిన. తండా ఇజ్జత్ తీసినవని అందరి ముంగట అన్న. మల్ల ఆయనతోటి సక్కగ మాట్లాడనే లేదు." టీ గ్లాసు కింద పెట్టి అన్నాడు, "ముసలితనం గద. మర్చిపోయిండేమో."

"వయసు గద, ఉంటదిరా" అన్నాను నేను. మొదటిసారి చేసిన తప్పుకు కుర్రతనమని పేరు పెట్టుకోవచ్చు. దీనికేం పేరు పెట్టను?

చెబితే, ఏ తప్పూ చేయని తాతను తిట్టానని వాడు జీవితాంతం కుమిలిపోతాడని నాకు నేను చెప్పుకుంటాను. వాడి కోసమే దాస్తున్నానా? కాదు. వాడు నా వైపు ఎలా చూస్తాడోనని భయం. ఏదో ఒకరోజు చెప్తానని కూడా ఇక్కడ రాయను. నా మాట మీద నాకే నమ్మకం లేదు.

ఆ రోజు తండాకు ఎవరూ పోలేదు. హర్యా ఏమీ చెప్పలేదు. ఈ రెండు వాక్యాలు రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అందుకు నాకు హక్కుందా అంటే, లేదు.