మొక్కజొన్న చేలో నా కవితా విశ్లేషణ

మా వీధిలోకి ఈ మధ్య ఉల్లిగడ్డల ఆటో ఒకటి వస్తోంది. నా ఫిర్యాదు ఉల్లిగడ్డల మీద కాదు, అవి బాగానే ఉంటాయి. ఆటో అతను నోరు విప్పడు. ఎప్పుడో రికార్డు చేసిన తన గొంతును మైకులో పెట్టి, తను హాయిగా పల్లీలు నములుతూ కూర్చుంటాడు. బేరమాడదామని వెళితే మైకు తన ధర తను అరుస్తూనే ఉంటుంది, అతను తన చేతుల్లో ఏమీ లేదన్నట్టు దానివైపు చూపిస్తాడు.

ఆ రోజుల్లో మనిషి గొంతు ఇలా మనిషిని వదిలేసి ఒంటరిగా తిరిగేది కాదు. తిరిగినా అడవి పక్క చేలల్లోనే. ములకలపల్లి అవతల మా మొక్కజొన్న చేను గట్టు దాటితే అడవి. అడవిపందులు దిగకుండా మేం చేయని ప్రయత్నం లేదు. చేను చుట్టూ అమ్మ పాత చీరలు కట్టాం. కటింగ్ షాపు నుంచి సంచుల్లో జుట్టు తెచ్చి గట్ల మీద చల్లాం (మనిషి వాసనకు పందులు రావని నమ్మకం. ఆ లెక్కన ఊళ్లో సగం మంది మగవాళ్ల తలలు మా చేనుకు కాపలా కాశాయి). పందులు వీటన్నిటికీ అలవాటు పడ్డాక నాన్న ఒక బ్యాటరీ మైకు కొన్నాడు. బటన్ నొక్కి దాంట్లో ఒకసారి అరిస్తే చాలు, తెల్లవార్లూ అదే అరుపు అరుస్తుంది. నాన్న "హోయ్, పో, పో" అని అరిచి, ఆపైన పందుల వంశం గురించి కొన్ని మాటలు చెప్పాడు. అవి ఇక్కడ రాయను.

నేనప్పుడు ఖమ్మంలో డిగ్రీ చదువుతున్నాను. మేనత్త కొడుకు, అంటే మా బావ, అదే క్లాసు, అదే బెంచీ. నాకన్నా కొద్ది నెలలు పెద్ద. ఆ కొద్ది నెలల్లోనే ఎత్తూ, తెలివీ, మా నాయనమ్మ ప్రేమా అన్నీ సర్దుకుని కూర్చున్నాడని నా అనుమానం. ఒకరోజు తెలుగు సార్ మాకొక కవిత ఇచ్చారు. అడవి అంచున చేను కాసే రైతు, కంకుల కోసం వచ్చే పంది. మనిషికీ ప్రకృతికీ మధ్య సంఘర్షణను కవి ఎలా చిత్రించాడో విశ్లేషించాలి. బాగా రాసినవాడు భద్రాచలంలో జరిగే సాహిత్య సభలో దాన్ని చదవాలి. నాకు లోలోపల నవ్వొచ్చింది. బావ వాళ్లిల్లు బోనకల్ స్టేషన్ పక్కన. ప్రకృతితో వాడికి జరిగిన అతిపెద్ద సంఘర్షణ దోమలతో. ఈ ఒక్కదాంట్లోనైనా వాడు నా వెనకే ఉంటాడని తేలిపోయింది. మనసులో అప్పుడే భద్రాచలం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను.

దసరా సెలవులకు బావ మా ఊరు దిగాడు.

"ఏరా బామ్మర్దీ, మీ పందుల్ని చూసిపోదామని వచ్చా."

"చానా ఉన్నయి. ఒకటి ఇప్పుడే బస్సు దిగింది" అన్నాను.

నాయనమ్మ ఇది వినలేదు. విని ఉంటే ఆ పూట నాకు కూర ఉండేది కాదు. కూతురి కొడుకు వచ్చాడని నాటుకోడి కోయించింది. తొడ ముక్క ఎవరి కంచంలోకి పోయిందో చెప్పనక్కర్లేదు. నేను చూస్తూ ఉంటే, "నువ్ రోజూ తింటవ్ గదరా" అంది. మా ఇంట్లో రోజూ నాటుకోడి వండుతారన్న సంగతి నాకప్పుడే తెలిసింది.

బావ పొద్దున్నే నాన్న వెంట చేనుకు పోయేవాడు. చీరలు బిగించాడు, జుట్టు చల్లాడు. "పిల్లగాడు పనిమంతుడు" అని నాన్న అమ్మతో, సరిగ్గా నాకు వినపడేంత మెల్లగా చెప్పేవాడు. నేను ఇంట్లో కూర్చుని విశ్లేషణ రాశాను. దాంట్లో పంది ఒక్కసారే వచ్చింది, అదీ 'వరాహం' వేషంలో. మిగతాదంతా ఆదిమ చైతన్యం, అస్తిత్వ పోరాటం. రాశాక, సభలో నా గొంతు ఎలా ఉంటుందో వినాలనిపించింది. మైకు అరుగు మీద ఖాళీగా ఉంది. బటన్ నొక్కి మొదటి పేరా చదివాను: "ఈ కవితలో మానవుడు ప్రకృతితో నిరంతర సంఘర్షణలో ఉన్నాడు..." విన్నాను. చాలా బాగుంది. నాన్న అరుపు చెరిగిపోయిందన్న చిన్న విషయం తట్టనంత బాగుంది. ఆ తృప్తితోనే నిద్రపోయాను. అంతకుముందే, సాయంత్రం, మైకు చేలో కట్టి రమ్మని నాన్న బావకు చెప్పాడట.

మర్నాడు పొద్దున టీ హోటలాయన గ్లాసు చేతికిస్తూ, "రాత్రంత మీ చేన్ల ఎవరో పురాణం చెప్పిండు గద, ఏంది విశేషం?" అని అడిగాడు. టీ వదిలేసి పరుగెత్తాను. గుంజకు వేలాడుతున్న మైకు ఇంకా నిరంతర సంఘర్షణలోనే ఉంది. దాని చుట్టూ, అంటే నా గొంతు స్పష్టంగా వినపడే చోట, కంకులన్నీ నమిలి పారేసి ఉన్నాయి. నా గొంతు అందని మూలల్లో చేను చెక్కుచెదరలేదు.

"పందులకు క్లాసు చెప్పినవారా?" అన్నాడు నాన్న. ఆయన తిట్టినా బాగుండేది.

బావను పక్కకు లాగి, "ఆన్ చేసినప్పుడు ఇనలేదా?" అని అడిగాను.

"విన్నా."

"మరి?"

"బాగుంది కదా అని వదిలేశా. నిలబడి రెండోసారి కూడా విన్నా బామ్మర్దీ."

అది పొగడ్తో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

సెలవులయ్యాక క్లాసులో బావ తన విశ్లేషణ చదివాడు. "మా మామ చేలో ఒక రాత్రంతా పందులకు ఈ కవితను విశ్లేషించి చెప్పారు. అవి శ్రద్ధగా విని, భోంచేసి వెళ్లాయి" అని మొదలుపెట్టాడు. క్లాసు గొల్లుమంది. సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సంఘర్షణ అన్న మాట మనిషిదేననీ, పంది దాన్ని భోజనం అనుకుంటుందనీ, కవితలో రైతు ఎంత అరిచినా కవి పందికి మాత్రం కంకి విరిగిన చప్పుడు ఒక్కటే ఇచ్చాడనీ, గెలుపు ఎవరిదో ఆ చప్పుడులోనే ఉందనీ బావ ముగించాడు. కవితలో ఆ చప్పుడును నేను గమనించలేదు. అందుకు బాధ లేదు. బావ గమనించినందుకు కడుపు మండింది. "ఇదిరా విశ్లేషణ అంటే" అన్నారు సార్. అంతమంది ఉండగా నావైపే ఎందుకు చూడాలో.

భద్రాచలం నేనూ వెళ్లాను. వెనక వరుసలో నాయనమ్మ పక్కన కూర్చున్నాను (రాములవారి దర్శనమూ మనవడి ఉపన్యాసమూ ఒక్క ప్రయాణంలో అయిపోతాయని ఆమె బయల్దేరింది. ఆ మనవడు నేను కాను). బావ నా మొదటి పేరాను నా గొంతునే అనుకరిస్తూ చదివాడు. హాలంతా నవ్వింది. నేను కోరుకున్నట్టే నా వాక్యం భద్రాచలం చేరింది. కాకపోతే బావ నోట్లో కూర్చుని వెళ్లింది.

ఇప్పుడు నేను పిల్లలకు తెలుగు చెబుతున్నాను. బావ సాహిత్యాన్ని ఆ సభతోనే వదిలేసి, ఖమ్మంలో ఎలక్ట్రికల్ షాపు పెట్టి ఆ మైకులే అమ్ముతున్నాడు. మనం ఆశపడ్డదాన్ని ఎదుటివాడు ఎత్తుకుపోతే ఒక రకం మంట. ఎత్తుకుపోయి, అక్కర్లేదని పక్కన పడేస్తే ఇంకో రకం. రెండూ నాకు బావ వల్లే పరిచయం. మొన్న దసరాకు నాన్న కోసం కొత్త మైకు తెచ్చాడు. నాన్న గొంతులో ఇప్పుడు పందులను బెదిరించే బలం లేదు. మరి దాంట్లో ఎవరు అరవాలన్న మాటొచ్చింది. ఇన్నేళ్లు క్లాసులో అరిచినవాణ్ణి కదా, ఆ మాత్రం అర్హత ఉందనుకుని గొంతు సవరించుకున్నాను. బావ కన్నా ముందే మైకు అందుకోవాలని కుర్చీలోంచి సగం లేచిన ఆ మాస్టారును తలచుకుంటే నాకిప్పుడు నవ్వూ వస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. మంచం మీది నుంచి నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వాణ్ని అరవనియ్ బిడ్డా. నువ్ మాట్లాడితె అవి తినుకుంట ఇంటయి."