మా కంప్యూటర్‌కు కాపలా పెట్టించిన టీచరమ్మ

మా టైపు టీచరమ్మ ఇక లేరు. పోయిన మంగళవారం పొద్దున పట్నం దవాఖానలో ప్రాణం పోయిందని ఆమె అక్క కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. ఆ సమయానికి నేను కంగ్టి నుంచి వచ్చిన ఒకామె కూతురికి హాస్టల్ దరఖాస్తు నింపుతున్నాను. ఫోన్ పెట్టేసి, పిల్ల పుట్టిన తేదీ మళ్ళీ అడిగాను. ఆమె రెండుసార్లు చెప్పినా నా చెవికి ఎక్కలేదు. చివరికి ఆమే లేచి, కుండలో నీళ్ళు ముంచి తెచ్చి నా చేతికి ఇచ్చింది.

నారాయణఖేడ్ బస్ డిపో దగ్గర ఒక మేడమీది గదిలో టీచరమ్మ ఏళ్ళ తరబడి టైపు నేర్పారు. టైపు మిషన్లు మూలపడ్డాక, యాభై దాటిన వయసులో, తనే కూర్చుని కంప్యూటర్ నేర్చుకున్నారు. మాకు ఆమె పక్కింటావిడ కూడా. తెరమీద ఏది వచ్చినా, ఎంత చిన్న అక్షరాలైనా, కళ్ళజోడు సర్దుకుని పైకి చదివేవారు. ఎవరైనా తొందరపడి మీట నొక్కితే ఊరుకునేవారు కాదు. “చదువకుండ నొక్కుతే దాన్ని టైపు అనరు, గోకుడు అంటరు” అనేవారు.

మా ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. చెరకు కోతకు కర్ణాటక వైపు వలసపోయే కుటుంబాలవాళ్ళు పోయేముందు నా దగ్గరికి వస్తారు. పిల్లల హాస్టల్ సీట్లకు, ఆదాయం సర్టిఫికెట్లకు దరఖాస్తులు నేనే పెడతాను. వాళ్ళ ఆధార్ కాపీలు, ఫోటోలు, బ్యాంకు పుస్తకాల మొదటి పేజీలు, అన్నీ అప్పట్లో ఆ కంప్యూటర్‌లోనే ఉండేవి.

నాలుగేళ్ళ కింద ఒక మధ్యాహ్నం తెర మొత్తం ఎర్రగా మారింది. కంప్యూటర్ ప్రమాదంలో ఉందని, ఫలానా నంబరుకు వెంటనే ఫోన్ చేయమని రాసి ఉంది. భయపడి చేశాను. అవతలి మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. బాగుచేస్తానంటూ ఏదో ఎక్కించుకోమంటే ఎక్కించుకున్నాను. మరు నిమిషంలో నేను ముట్టుకోకుండానే తెరమీద బాణం కదలసాగింది. అది నేరుగా కాగితాలున్న ఫోల్డర్ మీదికి పోయింది.

నేను రెండిళ్ళ మధ్య గోడ దగ్గరికి ఉరికి టీచరమ్మను కేకేశాను. చేతులకు జొన్నపిండితోనే వచ్చారు. ఒక్క చూపు చూసి, ఇంటర్నెట్ తీగను పట్టి లాగేశారు. బాణం ఆగిపోయింది.

“ముందు వైరు గుంజాలె. ఏడుసుడు తర్వాత” అన్నారు.

నేను చేసిన ఇంకో తప్పు కూడా అప్పుడే చెప్పేశాను. అంతకుముందు ఎప్పుడో ప్రింటర్ పనిచేయకపోతే, ఎవరో చెప్పారని, కంప్యూటర్‌తోపాటు వచ్చిన ఫైర్‌వాల్‌ను, అంటే బయటివాళ్ళు లోపలికి చొరబడకుండా ఆపే గోడను, ఆపేశాను. మళ్ళీ ఆన్ చేయలేదు. తిడతారనుకున్నాను. ఆమె పిండి కడుక్కుని వచ్చి, నా ముందు ఒక తెల్లకాగితం పెట్టారు.

“ఎవరెవరి కాయితాలు ఉన్నయో పేర్లు రాయి. ఒక్కొక్కలకు ఫోన్ చెయ్యి.”

“టీచరమ్మా, గీ సంగతి తెలుస్తే ఇగ నా దగ్గరికి ఎవరన్న వస్తరా?”

“రాకుంటే రాకపాయె. వాళ్ళ కాయితాలు గదా, వాళ్ళకు తెల్వాలె.”

“ఏం పోయిందో నాకే తెల్వదు గదా, ఏమని చెప్పాలె?”

“తెల్వదనే చెప్పు. బ్యాంకుల చెప్పుకొమ్మను. ఎవరన్న ఓటీపీ అడుగుతే ఇయ్యొద్దను.”

చీకటిపడేలోగా అందరికీ చేశాను. టీచరమ్మ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను చెప్పలేక ఆగినప్పుడు ఫోన్ తీసుకుని మిగతాది ఆమే చెప్పారు. ఒకాయన గట్టిగా తిట్టాడు, పడ్డాను. చెరకు తోటలో ఉన్న ఒకామె మాత్రం, “చెప్పినవు గదమ్మా. చెప్పకుంటే మాకేం తెలుస్తుండె?” అన్నది.

కంప్యూటర్‌ను మెకానిక్ దగ్గర మొత్తం తుడిపించి తెచ్చాం. ఇక ఫైర్‌వాల్ సంగతి. డబ్బు పెట్టి కొనే స్తోమత నాకు లేదు. ఉచితంగా దొరికేవి చాలా ఉన్నాయని విని, మొదటగా కనబడినదాన్నే దింపబోయాను. టీచరమ్మ నా చెయ్యి పట్టి ఆపారు. ఆ పేజీ నిండా డౌన్‌లోడ్ బొత్తాలే. కిందిదాకా చదివి, “ఎవరు చేసిండ్రో పేరు లేదు. పేరు చెప్పనోన్ని ఇంట్ల కావలి పెడతవా?” అన్నారు. రెండోది నెల దాటితే డబ్బు కట్టమంటుందని చిన్న అక్షరాల్లో ఉంది. పైగా తనతోపాటు మనం అడగనివి మరో రెండు ఎక్కిస్తానంది.

మూడోది తయారుచేసినవాళ్ళ సొంత సైటు నుంచే తెచ్చాం. అది మంచిదే. కానీ ఏది కదిలినా, పోనివ్వమంటారా వద్దా అని అడిగేది. దాంతో మా పాత కంప్యూటర్ నత్తలా నడిచేది. నేను విసిగి అన్నిటికీ సరే కొట్టేదాన్ని. వారం తర్వాత టీచరమ్మ వచ్చి అడిగారు.

“ఎన్నిటికి వద్దన్నవ్?”

“ఒక్కదానికి గూడ అనలేదు.”

“అయితే ఇంట్ల కావలి ఉన్నట్టా, లేనట్టా?”

దాన్నీ తీయించారు. కంప్యూటర్‌లో మొదటినుంచీ ఉన్న ఫైర్‌వాల్‌నే ఆన్ చేయించి, దానితో తగవు పడకుండా కలిసి పనిచేసే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి వెతికి పెట్టించారు. కొత్తది ఏదైనా బయటికి పోవాలనుకున్నప్పుడు మాత్రమే అది అడుగుతుంది. మొదటి రోజే అడిగింది. తెలుగు టైపు కోసం ఎవరి పెన్‌డ్రైవ్ నుంచో నేను ఎక్కించుకున్న ప్రోగ్రాం ఇంటర్నెట్‌లోకి పోతానంటోంది. దాన్ని ఆపితే టైపు ఆగిపోతుందేమోనని నా భయం.

“బేడ అను” అన్నారు టీచరమ్మ. వాళ్ళది కర్ణాటక సరిహద్దులోని నాగల్‌గిద్ద కాబట్టి వద్దనడానికి ఎప్పుడూ ఆ కన్నడ మాటే వచ్చేది. వద్దు నొక్కాను. తర్వాత నా పేరు టైపు చేయమన్నారు. చేశాను. అక్షరాలు చక్కగా పడ్డాయి.

“చూసినవా? అది బయటికి పోకున్నా పని అయితుంది.”

లేచి పోతూ గుమ్మం దగ్గర ఆగి ఇంకో మాట చెప్పారు. “గీ గోడ దొంగతనంగ వచ్చెటోన్ని ఆపుతది. నువ్వే ఫోన్ చేసి పిలుస్తే అదేం చేస్తది? గది నువ్వు చూసుకోవాలె.”

ఆ సంవత్సరం నా దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గలేదు. తిట్టినాయన కూడా చిన్నకొడుకు దరఖాస్తు పట్టుకుని వచ్చాడు. పని పూర్తయిన కాగితాలు కంప్యూటర్‌లో ఉంచకుండా తీసేయడం అప్పుడే అలవాటైంది. ఇప్పుడు ఏ ప్రశ్న వచ్చినా చదువుతాను. తెలియకపోతే వద్దంటాను.

మొన్న నాగల్‌గిద్దలో ఆమెను మట్టిలో పెట్టాం. అక్కడికి పోవాలంటే కంది చేనులోంచే దారి. చేను నిండుగా పూత మీద ఉంది. ఒకరి వెనక ఒకరం, కొమ్మలు తోసుకుంటూ నడిచాం. ప్రార్థన అయ్యాక తిరుగు ఆటోలో నా పక్కన కోర్టులో టైపు పనిచేసే ఆయన కూర్చున్నాడు. ఆయనా టీచరమ్మ దగ్గర నేర్చుకున్నవాడే.

“అక్కా, మా ఇంట్ల గూడ కంప్యూటర్ ఉంది. నాకు టైపు కొట్టుడే వస్తది గని గీ ఫైర్‌వాల్ గిట్ల తెల్వదు. జర చూస్తవా?” అన్నాడు.

“రేపు పొద్దుగాల వస్త. నేనొచ్చేదాక ఏది నొక్కకు” అన్నాను.

అతను తల ఊపాడు. ఆటో గతుకుల్లో ఊగుతూ పోతోంది. నా చీర కుచ్చిళ్ళకు, అతని చొక్కా భుజానికి, ఎదుటి సీట్లో కూర్చున్న టీచరమ్మ వాళ్ళ అక్క నెరిసిన జుట్టుకు, పసుపు పచ్చని కంది పూలు అంటుకుని ఉన్నాయి. నారాయణఖేడ్ వచ్చేదాకా ఎవరమూ దులుపుకోలేదు.