మధ్యలో ఆపకూడదు

మందుల షాపాయన బిళ్లలు కత్తిరించి కవర్లో వేసేటప్పుడు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంటాడు. ఎంత రద్దీలోనైనా ఒక హితవు చెప్పనిదే ఎవరినీ పంపడు. స్టెరాయిడ్ అయితే గొంతు ఇంకాస్త పెంచుతాడు: "తగ్గింది కదా అని ఒక్కసారిగా ఆపకూడదు. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి." షాపు వెనక గదే ఇల్లు. కూరలు తరుగుతూ భార్య రోజూ ఈ మాట వింటూనే ఉంటుంది.

వాళ్ల ముసలి పిల్లికి పేగుల జబ్బు చేస్తే పశువుల డాక్టరమ్మ అవే స్టెరాయిడ్ బిళ్లలు రాసింది. పొద్దున్నే ఆవిడ దాన్ని తువ్వాలులో చుట్టి పట్టుకుంటే, ఈయన బిళ్ల నాలుక వెనక పెట్టి, సిరంజితో కాసిని నీళ్లు పట్టించి గొంతు నిమిరేవాడు. పిల్లి కోలుకుంది. కానీ ఆ మందుతో దాహం ఎక్కువై, గిన్నెలకు గిన్నెలు తాగి ఆయన పరుపు తడిపేసింది. "ఇక చాల్లే, బాగానే ఉందిగా," అని బిళ్లలు తీసి అటక మీదికి విసిరేశాడు. "మరి మీరే కదండీ..." అనబోయిన ఆవిడని కసిరాడు. వారం తిరక్కుండానే పిల్లి వాంతులు చేసుకుని మెడ వాల్చేసింది.

"మందు ఎవరు ఆపారు?" అని ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది. సెలైన్ ఎక్కుతున్న పిల్లినే చూస్తూ ఆయన, "మా ఆవిడండీ. తెలీక ఆపేసింది," అన్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆయన వైపు చూసింది.

"అవునండీ, నేనే."

డాక్టరమ్మ ఆవిడ వైపు తిరిగింది. "చూడమ్మా, తగ్గింది కదా అని ఒక్కసారిగా ఆపకూడదు..."

ఆవిడ మొదటిసారి వింటున్నట్టు తలూపుతోంది. ఆయన నుదుటి మీదున్న కళ్లజోడు కోసం జేబులన్నీ వెతుక్కుంటూ నిలబడ్డాడు.