ఏడు నెలల తర్వాత ఎస్తేరు ఇంటికి

శనివారం పొద్దున అయిదున్నరకు కరీంనగర్ బస్టాండులో పెద్దపల్లి బస్సెక్కాను. ఆధార్ కార్డు చూసి కండక్టరు ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ చేతిలో పెట్టాడు. కాగజ్‌నగర్ వెళ్లాలంటే పెద్దపల్లిలో రైలు అందుకోవడం తేలిక. దారి నాకు కొత్తది కాదు. అయినా ఈ ప్రయాణాన్ని ఏడు నెలలుగా వాయిదా వేస్తూ వచ్చాను.

ఎస్తేరు మా పక్కింట్లో పన్నెండేళ్లు ఉంది. నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది. భర్త యోహాను దర్జీ. నాలుగేళ్ల కింద అతని సొంత ఊరు కాగజ్‌నగర్‌కు వెళ్లిపోయారు. వాళ్లకు ఒక్కతే కూతురు, మౌనిక. నేను ఆదివారాలు చర్చిలో పిల్లలకు బైబిలు పాఠం చెబుతాను. మౌనిక నా దగ్గరే నేర్చుకుంది. పోయిన వానాకాలంలో డెంగీ జ్వరం వచ్చి ఆరు రోజుల్లో చనిపోయింది. పంతొమ్మిదేళ్ల పిల్ల.

అప్పుడు మా ఇంట్లో చుట్టాలున్నారు. వెళ్లలేక ఫోన్‌లో ఒక బైబిలు వాక్యం పంపాను. దేవుణ్ణి ప్రేమించేవారికి సమస్తమూ మేలు కోసమే సమకూడి జరుగుతుందని రోమా పత్రికలో ఉన్న మాట. ఎస్తేరు చదివినట్టు ఫోన్‌లో నీలం టిక్కులు కనిపించాయి, జవాబు మాత్రం రాలేదు. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. పోయిన వారం యోహానే ఫోన్ చేశాడు. ఆమె చర్చి మానేసిందని, అన్నం కూడా సరిగ్గా తినడం లేదని చెప్పి, ఒక్కసారి వచ్చి పొమ్మన్నాడు.

పెద్దపల్లి స్టేషన్ బయట రెండు ఇడ్లీలు తిని టికెట్ తీసుకున్నాను. ఏడుంపావుకు రావాల్సిన బండి అరగంట ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది. సంచిలోంచి చిన్న నోట్‌బుక్ తీసి, ఆమెకు చెప్పాలని రాసుకున్న ఎనిమిది వాక్యాలూ ఒకసారి చూసుకున్నాను.

రామగుండంలో ఒక ముసలమ్మ ఎక్కి ఎదురుగా కూర్చుంది. బెల్లంపల్లి దాకా పోతోందట. డబ్బా విప్పి నాకూ పిడికెడు ఉడికించిన శనగ గుడాలు పెట్టింది. ఎక్కడికని అడిగితే, తెలిసినవాళ్ల బిడ్డ చనిపోయింది, పలకరించడానికి పోతున్నానని చెప్పాను. ఎన్ని రోజులైందని అడిగింది. ఏడు నెలలన్నాను.

"గిన్ని దినాలకా బిడ్డా?" అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. కానీ నోట్‌బుక్ మళ్లీ తెరవలేకపోయాను.

పదిన్నరకు కాగజ్‌నగర్‌లో దిగి షేర్ ఆటోలో వాళ్ల వాడకు చేరాను. ముందు గదిలో యోహాను మిషన్ మీద ఉన్నాడు. లోపల ఎస్తేరు చిక్కుడుకాయలు తుంచుతోంది. సగమైంది మనిషి. లేవలేదు. "కూసో అక్కా" అని పీట జరిపింది. నేనూ కూర్చుని చిక్కుడుకాయలు తుంచడం మొదలుపెట్టాను. సగం కాయలయ్యాక ఆమే మాట్లాడింది.

"నువ్వు పంపిన వాక్యం దినాం చదువుతున్న అక్కా. నా బిడ్డ పోవుడు ఎవల మేలుకో జర నువ్వే చెప్పు."

ముప్పై ఏళ్లుగా బైబిలు చెబుతున్నదాన్ని. "నాకు తెల్వది ఎస్తేరు" అన్నాను. తుంచిన కాయలు గిన్నెలో వేస్తూ, "అప్పుడే రావాల్సింది. రాలే. తప్పు నాదే" అన్నాను. ఆమె ఇంకో చిక్కుడుకాయ తీసుకుని తుంచింది.

ఒంటి గంటకు అన్నం వడ్డించింది. చిక్కుడుకాయ కూర, పచ్చిపులుసు. నేనున్న చోట భోజనానికి ముందు ప్రార్థన చేయడం అలవాటు. యోహాను చేతులు కట్టుకుని నా వైపు చూశాడు. ఎస్తేరు తలుపు వైపు చూస్తోంది. ఆమెతో ఆ పూట బలవంతంగా ఆమేన్ అనిపించడం నాకు ఇష్టం లేకపోయింది. ప్రార్థన లేకుండానే తిన్నాం.

రెండున్నరకు ముగ్గురం సమాధుల తోటకు నడిచాం. మౌనిక సమాధి రాయి మీద పేరు, రెండు తేదీలు ఉన్నాయి. కింద జాగా ఖాళీ. అక్కడ ఏ వాక్యం చెక్కాలో ఎస్తేరు చెప్పడం లేదని, చెక్కేవాడు ఇప్పటికే రెండుసార్లు అడిగాడని యోహాను మెల్లగా చెప్పాడు. నోట్‌బుక్ సంచిలోనే ఉంది. తీయలేదు.

ఎస్తేరు చీర కొంగుతో రాయి తుడుస్తూ అంది: "చిన్నప్పుడు నువ్విచ్చే బిస్కెట్ల కోసం మౌనిక ఎప్పుడు ఒక్కటే వాక్యం ఒప్పజెప్పేది. యేసు కన్నీళ్లు విడిచెను. మూడే మాటలని. తప్పించుకుంటున్నవని నువ్వు కోపం చేసేదానివి. యాదికున్నదా?"

గుర్తుంది. పెద్ద వాక్యం నేర్చుకుని వస్తేనే బిస్కెట్ అని ఒక ఆదివారం ఆ పిల్లను ఉత్త చేతులతో పంపాను. ఆ వాక్యం ఉన్న కథలో, చనిపోయిన లాజరును ఇంకాసేపట్లో బతికించి లేపబోతున్నానని యేసుకు తెలుసు. అయినా లాజరు తోబుట్టువు మరియ ఏడుస్తుంటే ముందు ఆయనా ఏడ్చాడు. ఆ అధ్యాయం ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ప్రతిసారీ అద్భుతం దగ్గరికి తొందరపడి, ఆ మూడు మాటలూ దాటేశాను.

ఏడుపు ఆగలేదు. అక్కడే మట్టిలో కూలబడ్డాను. ఎస్తేరు పక్కన కూర్చుని నా భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత తనూ ఏడ్చింది. చావు రోజు తర్వాత ఆమె ఏడవడం అదే మొదటిసారని యోహాను తర్వాత చెప్పాడు.

లేచేటప్పుడు ఎస్తేరు భర్తతో, "రాయి మీద గా మూడు మాటలే రాయించు" అంది.

అయిదింటి బండికి యోహాను స్టేషన్‌లో దింపాడు. బయల్దేరేటప్పుడు ఎస్తేరు వాకిట్లోకి వచ్చి "మల్ల రా అక్కా" అంది. చర్చికి వస్తానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. ఇప్పటికీ వెళ్లడం లేదు.

మంచిర్యాల దాటి గోదావరి బ్రిడ్జి మీదికి వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. ఎదుటి సీటులో ఎవరూ లేరు. ఆ పిల్ల కోసం, బిస్కెట్ ఇవ్వని ఆ ఆదివారం కోసం మళ్లీ ఏడ్చాను. ఏం ప్రార్థించాలో తెలియక ఊరికే కూర్చున్నాను.

ఇలాంటి ఇంటికి వెళ్లాల్సినవాళ్లు మీలోనూ ఉంటారు. పొద్దున బండికే వెళ్లండి, సాయంత్రం బండి దాకా ఉండండి. ఆ ఇళ్లల్లో పగలు చాలా పొడుగ్గా ఉంటుంది.