ఎండ వల్ల కాని నలుపు

కరోనాకు రెండేళ్ల ముందు, ఎండాకాలం మొదట్లో, సివిల్ సర్జన్ స్పెషలిస్టు హోదాలో నన్ను ధర్మవరంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి బదిలీ చేశారు. నా విభాగం జనరల్ మెడిసిన్. ఉద్యోగంలో అదే నా చివరి పోస్టింగు. పొద్దున ఓపీ, తర్వాత వార్డు రౌండు, ఆపైన సర్జరీ విభాగం పంపే ఫిట్‌నెస్ కేసులు. ఆపరేషన్‌కు ముందు రోగి గుండె, ఊపిరితిత్తులు, బీపీ, షుగరు చూసి, మత్తు ఇవ్వవచ్చని ఫిజీషియన్ సంతకం పెట్టడాన్నే మేం ఫిట్‌నెస్ అంటాం. ఎక్కువ మంది విషయంలో అది చప్పున తెమిలే పని.

రామాంజి ఆ సంతకం కోసమే వచ్చాడు. పట్టుచీరలు నేసే మనిషి, ముప్పై దాటిన వయసు. వరిబీజానికి ఆపరేషన్ రాశారు. వెంట భార్య సుజాత ఉంది. కూర్చోబెట్టి బీపీ చూస్తే తక్కువగా ఉంది. నిలబెట్టి చూస్తే ఇంకా పడిపోయింది. తూలి, నా బల్ల అంచు పట్టుకున్నాడు. నెమ్మదిగా కూర్చోబెట్టి అరచెయ్యి తిప్పి చూశాను. గీతలు సిరాతో దిద్దినట్టు నల్లగా ఉన్నాయి. చిగుళ్ల మీదా అదే నలుపు. ఎండలో తిరిగే పని ఏమైనా ఉందా అని అడిగాను.

"యాడ ఎండ మేడం? పొద్దస్తమానం మగ్గం గుంతలోనే కదా ఉండేది" అన్నాడు.

సుజాత నవ్వింది. "పెండ్లినాడు ఇట్ల లేడు మేడం, చామనచాయగా ఉన్న్యాడు. రాన్రానూ బొగ్గయిపోయినాడు. అన్నంలోకి ఉప్పు, మజ్జిగలోకి ఉప్పు. ఈయప్పకు ఉప్పు పెట్టలేక సస్తాండా."

"నీ కూరల్లో ఉప్పుంటే నేనెందుకు అడుగుతా?" అన్నాడతను.

నడవమన్నాను. మోకాళ్లు సరిగా వంచలేక, పాదాలు నేలకు రాసుకుంటూ నడిచాడు. రబ్బరు సుత్తితో మోకాలి కింద తడితే కాలు ఉండాల్సిన దానికంటే గట్టిగా ఎగిరిపడింది. మగ్గం తొక్కీ తొక్కీ కాళ్లు బిగుసుకున్నాయని అతని నమ్మకం.

నేను సంతకం పెట్టలేదు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని ఉండే గ్రంథులను అడ్రినల్స్ అంటారు. జ్వరం, దెబ్బ, ఆపరేషన్ లాంటివి మీద పడ్డప్పుడు మనిషిని నిలబెట్టే కార్టిసాల్ అనే హార్మోను వాటి నుంచే వస్తుంది. అది తగ్గితే, ఇంకా తయారుచేయమని మెదడు కింది గ్రంథి మరో హార్మోనును అదే పనిగా పంపుతుంది. చర్మాన్ని నల్లబరిచేది ఆ హార్మోనే. ఈ గ్రంథులు చెడితే ఒంట్లో ఉప్పు కూడా నిలవదు, అందుకే అతనికి ఆ ఉప్పు యావ. కార్టిసాల్ లేని మనిషికి మత్తు ఇస్తే బల్ల మీదే ప్రాణం పోవచ్చు. కేసు షీటులో 'అన్‌ఫిట్' అని రాసి, మర్నాడు పొద్దున్నే రక్తం ఇవ్వమన్నాను. ఆరోగ్యవంతుల్లో కార్టిసాల్ ఎక్కువగా ఉండేది పొద్దుటిపూటే.

రామాంజికి కోపం వచ్చింది. "ఆ డాక్టరు చేస్తానంటాంటే మీరు అడ్డం పడతాండారేంది మేడం?" అన్నాడు. సుజాత అతని మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయింది. మర్నాడు పొద్దున ఆమే లాక్కొచ్చింది. రక్తం బెంగళూరు ల్యాబుకు పంపాం.

రిపోర్టు రాకముందే, ఒక మధ్యాహ్నం క్యాజువాలిటీ నుంచి డ్యూటీ డాక్టరు ఫోన్ చేశాడు. జ్వరం, వాంతులతో ఒకతన్ని తెచ్చారు, వడదెబ్బలా ఉంది, సెలైన్ ఎక్కిస్తున్నా బీపీ పెరగడం లేదు, మీ రోగేనని అతని భార్య అంటోంది అన్నాడు. హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ వెంటనే నరంలోకి ఇవ్వమని చెప్పి నేనూ వెళ్లాను. ఇది కార్టిసాల్‌కు బదులు ఇచ్చే మందు. అనుమానం బలంగా ఉన్నప్పుడు రిపోర్టు కోసం ఆగకూడదు. రామాంజి కళ్లు తెరవడం లేదు. సుజాత అతని పాదాలు రుద్దుతూ, "ఏమప్పా, పలుకు, ఒక్కమాట పలుకు" అంటోంది. సాయంత్రానికి బీపీ అందింది. పొద్దు గుంకేవేళకు లేచి కూర్చుని ఆకలవుతోందన్నాడు. అంతసేపూ గట్టిగా ఉన్న సుజాత అప్పుడు ఏడ్చింది.

రిపోర్టు వచ్చింది. కార్టిసాల్ బాగా తక్కువ. మన దగ్గర అడ్రినల్స్ చెడితే ముందు క్షయను అనుమానిస్తాం. ఎక్స్‌రే, కళ్లె పరీక్ష, పొట్ట స్కానింగు చేయించాను. క్షయ ఆనవాలు లేదు. ఒకవేళ ఉన్నా, ఆ కాళ్లకు అది సమాధానం కాదు. అందుకని ఇంట్లో ఇంకెవరైనా ఇలా నడిచేవారా అని రామాంజి తల్లి నారాయణమ్మను అడిగాను. ఆమె పుట్టిల్లు గోరంట్ల పక్క పల్లె.

"మా తమ్ముడూ ఇట్లే ఈడ్చి నడుస్తాండె. వాంతులు పట్టుకోని చిన్న వయసులోనే పోయినాడు" అంది.

మరోసారి బెంగళూరుకు రక్తం పంపితే జబ్బు తేలింది. పేరు అడ్రినోల్యూకోడిస్ట్రఫీ. ఇది ఉంటే కొన్నిరకాల కొవ్వులను శరీరం విడగొట్టలేకపోతుంది. అవి అడ్రినల్ గ్రంథుల్లో, నరాల పైపొరల్లో పేరుకుని రెంటినీ చెరుపుతాయి. తల్లి వైపు నుంచి కొడుకులకు వస్తుంది. హార్మోనును మాత్రల రూపంలో ఇవ్వగలం గానీ నరాలను తిరిగి బాగుచేయలేం. ఈ సంగతి రామాంజికి దాచకుండా చెప్పాను. అమ్మకు ఎలా చెప్పాలని నేను అడిగితే, తానే చెబుతానన్నాడు.

వార్డులో నా ముందే చెప్పాడు. "అమ్మా, మీ తమ్మునికి వచ్చిన జబ్బే నాకూ వచ్చిందంట."

నారాయణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అంటే నా కడుపున పుట్టినందుకేనా నాయనా?"

"అవునే. ఈ మొండితనమూ నీదే, అదెవరికి చెప్పుకోవాల? నువ్వు కావాలని ఇచ్చినావా ఏంది? ఇంగ ఏడుపు చాలు. ఓబులేసుకు ఫోన్ చెయ్."

ఓబులేసు ఆమె చిన్న కొడుకు, గుంతకల్లులో రైల్వే ట్రాక్‌మన్. అతనికీ జబ్బు ఉండే అవకాశం సగానికి సగం. ఎంత చెప్పినా రానన్నాడు. తన కాళ్లు ఉక్కుముక్కలన్నాడు. పరీక్షలో ఏదైనా బయటపడితే లైను పని నుంచి తీసేస్తారని అతని భయం. కొన్నాళ్లు చూసి, రామాంజే చేతికర్ర పట్టుకుని సుజాతతో ప్యాసింజరు రైలెక్కాడు. ఆ తర్వాత జరిగింది సుజాత చెప్పింది. గుంతకల్లు స్టేషన్లో మెట్లవంతెన కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ రామాంజి దిగుతున్నాడట. డ్యూటీ దిగి వస్తున్న ఓబులేసు కింది నుంచి చూశాడు. పరుగున ఎక్కి అన్న చంక కింద చెయ్యి వేశాడు.

"వస్తానని చెప్పింటే నేనే ఎదురొస్తుంటి కదన్నా!"

"చెప్పింటే నువ్వు దొరుకుతావా?" అన్నాడట రామాంజి.

మర్నాడు ఇద్దరూ కలిసి నా ఓపీకి వచ్చారు. ఓబులేసు కాళ్లు నిజంగానే బాగున్నాయి. అరచేతి గీతలు మాత్రం అప్పుడప్పుడే నల్లబడుతున్నాయి. పరీక్షల్లో జబ్బు ఉందని, కార్టిసాల్ తగ్గిందని తేలింది. మాత్రలు మొదలుపెట్టాను. జ్వరం వస్తే మోతాదు రెట్టింపు చేయాలని, వాంతులైతే ఇంజెక్షన్ కోసం వెంటనే రావాలని, ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా, రైల్వే డాక్టరుతో సహా, ముందుగా ఈ మాటే చెప్పాలని అన్నదమ్ములిద్దరి చేతా నా ముందు చెప్పించాను. తర్వాతి ఏడు ఓబులేసుకు డెంగీ వచ్చింది. చెప్పినట్టే చేసి తేలిగ్గా బయటపడ్డాడు.

రామాంజి వరిబీజం ఆపరేషన్ ఆ ఇంజెక్షన్ల అండతోనే జరిగింది. కొన్ని నెలల్లో ఒంటి నలుపు తగ్గింది. పెండ్లినాటి మొగుడు తిరిగొచ్చినాడని సుజాత ఓపీలో అందరికీ వినబడేలా చెప్పింది. కాళ్లు మాత్రం ఏటికేడు ఇంకా బిగుసుకున్నాయి. నేను రిటైరయ్యేనాటికి మగ్గం మీద కూర్చునేది సుజాత. అతను పక్కన కండెలకు దారం చుడుతూ, ఆమె నేతకు వంకలు పెట్టేవాడు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, కారణం తెలియకుండా కాళ్లు బిగుసుకుపోయి వచ్చిన ప్రతి మగవాడికీ పొద్దుటి కార్టిసాల్ పరీక్ష రాశాను. అడ్రినల్స్ చెడిన ప్రతి మగవాడి మోకాళ్లనూ సుత్తితో తట్టి చూశాను. ఇంటి జబ్బు అని తేలినప్పుడు, ఓపీ చీటీ మీద ఒక్క పేరే ఉన్నా, చీటీ తీసుకోనివాళ్లను కూడా వెతికి పిలిపించడం వైద్యంలో భాగమేనని నేర్చుకున్నాను.