అక్షరానికి హద్దు పెట్టని రెడ్డెమ్మక్క

లాప్‌టాప్ మూత తీయగానే వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. తర్వాత తెర వెలిగి, దాని నిండా ఒక్క 'తూ' అన్న అక్షరం నిలబడింది. అది 'తూకం' అనే మాటకు మొదలు. మిగతాది చూడాలంటే తెరను పక్కకు జరుపుకోవాలి. కుప్పంలో నా గది కింద గ్రానైటు లారీలు రోడ్డు అదిరేలా పోతున్నాయి. ఈ లాప్‌టాప్ రెడ్డెమ్మక్కది. ఆమె పోయి ఏడాది కూడా కాలేదు. అక్షరాన్ని మామూలు సైజుకు తేవడం చిటికెలో పని. అయినా నా చెయ్యి పోలేదు.

ప్రోగ్రాములు రాయడం నాకు నేర్పింది ఆమే. మదనపల్లెలో టైర్ల అంగడి మీద ఉండేది ఆమె ఆఫీసు. టమోటా మండీలకు తూకం ప్రోగ్రాములు రాసిచ్చేది. నేను చేరేనాటికి అక్కడ ఒక పద్ధతి పాతుకుపోయి ఉంది. మదనపల్లెకు రాసినదానికే నకళ్ళు తీసి, తూకంలోంచి తీసేసే ఖాళీ టమోటా పెట్టె బరువు లోపల మార్చి, పుంగనూరుకూ కుప్పానికీ ఇచ్చేవాళ్ళు. ఒక నకలులో తప్పు దిద్దితే మిగతావాటిలో అది అలాగే ఉండిపోయేది. ఒకరోజు కుప్పానికి మదనపల్లె నకలు పోయింది. అక్కడి మండీ యజమాని ఫోన్లో అరిచిన అరుపు గదంతా వినిపించింది. "ఏమమ్మా, మా పెట్టె వేరే, మీ పెట్టె వేరే! మీ పెట్టె బరువు ఈడ యాల తీసేస్తాండారు?"

అక్క ఫోన్ పెట్టేసి నవ్వింది. "మన పెట్టె తీసకపోయి వాళ్ళ నెత్తిన పెడితే తిట్టకుండా ముద్దు పెట్టుకుంటారా? బరువును లోపల రాయొద్దప్పా. బయట పెట్టు. వాళ్ళదేందో వాళ్ళే చెప్పుకుంటారు."

అందుకోసం ఆమె ఒక చిన్న లైబ్రరీ రాసింది. లైబ్రరీ అంటే ఏ ప్రోగ్రాములోనైనా మళ్ళీ మళ్ళీ వాడుకోగల కోడు. దానికి 'వాటం' అని పేరు పెట్టింది. ప్రోగ్రాములో ఒక్కో పనిని చూసుకునే ముక్కను మేము క్లాసు అంటాం. ఆ క్లాసు తలమీద ఒక్క వరుస రాస్తే చాలు, పెట్టె బరువో, రసీదు భాషో, ఎవరికి కావలసింది వాళ్ళు మార్చుకోవచ్చు. ఎవరూ ఏమీ చెప్పకపోతే మేము పెట్టిన డీఫాల్టే నడుస్తుంది. నకళ్ళ పీడ అంతటితో విరగడైంది. నాకైతే లోకంలో అన్నిటినీ ఇలాగే సరిచెయ్యొచ్చేమో అనిపించింది. ఎంత వెర్రినమ్మకం!

పుంగనూరు మండీలో ఖాదర్ భాయ్ అని ఒక పెద్దాయన ఉండేవాడు. "అమ్మా, అక్షరాలు సీమల మాదిరి పాకతాండాయి, కొంచెం పెద్దవి చెయ్యి" అని అక్కను అడిగాడు. నేను అక్షరం సైజును సెట్టింగుగా పెట్టి, ఇంతకు మించి పోకూడదని ఒక హద్దు కూడా రాశాను. అక్క అది చూసి హద్దు కొట్టేసింది.

"మరీ పెద్దది పెడితే తెరంతా నిండిపోతాది కదక్కా" అన్నాను.

"నిండనీ. ఆయన కంటికి ఎంత కావాల్నో నీకెట్ల తెలుసు? ఎవరికి కావాల్సినంత వాళ్ళు పెట్టుకోనీ."

ఆ హద్దు లేకపోవడం చివరికి ఆమెకే అవసరమైంది. షుగరు ఆమె కళ్ళలోకి దిగింది. రైలెక్కించి బెంగళూరు ఆసుపత్రికి నేనే తీసుకుపోయేవాణ్ణి. సూదులు వేశారు, లేజరు పెట్టారు. తిరిగొచ్చిన ప్రతిసారీ ఆమె అక్షరం సైజు కొంచెం పెంచుకునేది. పక్కన కూర్చుని నేను చూసేవాణ్ణి. మొదట తెరమీద పేజీ పట్టేది, తర్వాత పేరా, తర్వాత ఒక వరుస, ఒక మాట. ఆఖరిసారి రైల్లో కిటికీ వైపు ముఖం పెట్టుకుని, "మళ్ళా డీఫాల్ట్‌కు పోయేదానికి లేదంటప్పా" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు కనపడదు కదా అని తుడుచుకోలేదు.

తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు పెట్టిచ్చాను. చూపు లేనివాళ్ళు ఎందరో దానితో చక్కగా పని చేస్తారు. అక్క కూడా పట్టుదలగానే మొదలుపెట్టింది. కానీ ఆమె కోడును ఎప్పుడూ కంటితో చూసే పట్టుకునే మనిషి. కొన్నాళ్ళకు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసి బల్లమీద పెట్టింది. "ఎవరో నా ఇంట్లో తిరగతా నాకే దారి చెప్పతాండేట్టు ఉండాది" అంది. వాటిని మళ్ళీ ముట్టుకోలేదు. ఆఫీసు మూతపడింది. మండీలు వేరే ప్రోగ్రాములు తెచ్చుకున్నాయి. అక్క పుంగనూరులో చెల్లెలింటికి చేరింది. నేను చివరిసారి పోయినప్పుడు ఈ లాప్‌టాప్ తడిమి తడిమి నా చేతికిచ్చింది.

"నేను మార్చుకునేది ఇంక ఇందులో ఏమీ లేదప్పా. నువ్వు తీసకపో."

నేను దాన్ని సంచిలో పెట్టుకుని వచ్చేశాను. అప్పటి నా నిస్సహాయత ఇప్పటికీ తగ్గలేదు, తగ్గుతుందన్న ఆశ కూడా నాకు లేదు.

'వాటం' ఇప్పుడు నేను రాసే ప్రోగ్రాముల్లో తప్ప ఎక్కడా లేదు. నేను పనిచేసే చోట, అక్షరం సైజుకు హద్దు పెట్టలేదేమని అడుగుతారు. ఉండనివ్వండి అంటాను. ఎంత పెంచుకున్నా సరిపోని రోజొకటి ఉంటుందని తెలిసే అంటాను. ఇందాక ఆ 'తూ'ను పక్కకు జరిపి చూశాను. అక్షరం సైజు సెట్టింగులో ఆమె చివరిగా పెట్టుకున్న అంకె ఉంది. తెరమీద ఒక్క అక్షరానికి మించి పట్టనంత పెద్ద అంకె. నేను చూస్తున్న 'తూ' ఆమె చూడాలనుకున్నదానిలో ఒక ముక్క మాత్రమే. తెర అంతవరకే చూపించగలిగింది.

నేను దాన్ని మార్చకుండా మూత వేశాను.