కొత్త డాంబర్ రోడ్డు మీద మొదటి పడుగు

నా చిన్నప్పుడు కరీంనగర్‌లో ఏ రోజు ఏ వింత దిగుతుందోనని పొద్దున్నే లేచి వాకిట్లోకి పరుగెత్తేవాళ్ళం. ఒకనాడు కరెంటు స్తంభాలు ఎడ్లబండ్ల మీద వచ్చాయి. ఇంకోనాడు బస్సులు ఆగే చోట రేకుల కప్పు లేచింది. నీళ్ల ట్యాంకుకు పునాది తవ్వుతున్నారంటే బడి ఎగ్గొట్టి వెళ్ళి, గోతిలోకి తొంగిచూసి, ఇంటికొచ్చి అవ్వ చేత తిట్లు తిన్నాను. ఊరు పట్నం అవుతోందని పెద్దవాళ్ళు అనుకుంటుంటే, అదంతా మా పిల్లల కోసమే అవుతోందన్నట్టు మాకు ఒకటే సంబరం.

ఆ సంబరంలో మా తాత నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు. డెబ్భై ఏళ్ల మనిషి, కొత్తదేదీ చూడకుండా వదిలేవాడు కాదు. ఊళ్ళో రెండో టాకీసు తెరిచినప్పుడు నేల మీద అందరికంటే ముందు కూర్చుని చూసొచ్చి, ఆ కథ మాకు నెల రోజులు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ముగింపు మారేది. అదేంటి తాతా అని నిలదీస్తే, నువ్వు చూసినవా, నేను చూసిన్నా అనేవాడు.

మాది సాలెవాడ. ఇంటింటా మగ్గం. ఎరగని వాళ్ళకు ఒక సంగతి చెప్పాలి, లేకపోతే ఈ కథ అర్థం కాదు. బట్టకు నిలువు దారాలు ఉంటాయే, వాటిని పడుగు అంటారు. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును గంజిలో తడిపి, వీధి పొడుగునా నడుమెత్తున లాగి కట్టి, పెద్ద కుంచెలతో దువ్వుతూ ఆరబెట్టాలి. దీన్నే పడుగు సాపడం అంటాం. ఆరేదాకా బిగువు సడలకూడదు. సడలిందా, దారాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి, ఇక ఆ పడుగు పొయ్యిలోకే. అందుకని తెల్లవారగానే వీధిలో గుంజలు పాతి, వాటి మీద అడ్డకర్రలు పెట్టి పడుగు పరిచి, ఎండ ముదరకముందే పని ముగించేవారు. మా వాడలో మిగతా సందులన్నీ వంకరటింకరవి. అంత పొడుగున తిన్నగా ఉన్నది మా ఇంటి ముందున్న ఆ ఒక్క వీధే.

ఆ వీధిలో బండి పోతే చాలు, దుమ్ము లేచి తడి పడుగు మీద పడేది. వానొస్తే మోకాలి లోతు బురద. మా తాత మూడేళ్లు వెంటపడి డాంబర్ రోడ్డు కోసం అర్జీలు పెట్టాడు. మొదటివి ఉర్దూలో రాశాడు, ఆయనకు వచ్చిన రాత అదే. తరువాత ఆఫీసులో గుమాస్తా, ఇప్పుడు తెలుగులో ఇవ్వాలి పెద్దాయనా అన్నాడట. దాంతో నాలుగో తరగతి చదువుతున్న నా నెత్తిన ఆ పని పడింది. తాత చెబుతుంటే గీతల కాగితం మీద నేనే రాశాను. మా వీధికి దుమ్ము లేవని, నున్నటి, బాగా గట్టి రోడ్డు కావాలని. "బాగా" అనే మాట తాత చెప్పలేదు, ఉత్సాహం ఆగక నేనే కలిపాను. వాడంతా వేలిముద్రలు వేశారు.

మా పక్కింటి మామ అందరికంటే ముందు వేశాడు. ఆయన తమ్ముళ్ళు అప్పటికే సోలాపూర్ మిల్లుల్లో చేరి, నువ్వూ వచ్చెయ్యి అని ఉత్తరం మీద ఉత్తరం రాస్తున్నారు. దుమ్ముకు రెండు పడుగులు పాడైపోయాక మామ మనసు అటే లాగింది. మా తాత ఆయన గడ్డం పట్టుకుని బతిమాలితే చివరికి ఒక మాట మీద నిలబడ్డాడు.

"రోడ్డైనంక మొదటి పడుగు నాదే సాపుత. అది మంచిగైతే ఉంట, లేకుంటే సోలాపూర్ పోత" అన్నాడు.

మామ పోతే ఆయన కూతురు, మా పక్కింటి అక్క కూడా పోతుంది. అక్కకు పదిహేనేళ్లు. నాకు దారం కండెలు చుట్టడం, జడ అల్లుకోవడం, అబద్ధం చెప్పేటప్పుడు కళ్ళు దించుకోకుండా ఉండటం, అన్నీ తనే నేర్పింది. అక్క లేని వాడను తలుచుకుంటేనే నాకు అన్నం సయించేది కాదు. అందుకే ఆ రోడ్డు ఎప్పుడొస్తుందా అని మా తాత కంటే నేనే ఎక్కువ కాచుకున్నాను.

వచ్చింది. ముందు కంకర కుప్పలు, తరువాత డాంబర్ పీపాలు, ఆ వెనక పొగ కక్కుతూ రోలర్. ఆ రోలర్ ముందుకు పోతే మేమూ ముందుకు, వెనక్కి వస్తే మేమూ వెనక్కి. అరికాళ్ళు కాలినా ఎవరమూ ఇంటికి పోలేదు. నా లంగాకు అంటిన డాంబర్‌ను అవ్వ కిరసనాయిలు పోసి రుద్దింది, దాంతో పాటు నా వీపూ రుద్దింది. మూడు వారాలు వీధిలో పడుగులు లేక మగ్గాలు ఆగాయి. అయినా ఎవరూ విసుక్కోలేదు. సాయంత్రమైతే ఆడా మగా బయటికొచ్చి ఇళ్ల గోడల దాకా పరుచుకున్న ఆ నల్లటి నునుపును చేత్తో తడిమి చూసి మురిసిపోయేవారు. ఇక మన పడుగు మీద ఇసుక రేణువు పడితే ఒట్టు అనుకునేవారు.

ప్రారంభం పది గంటలకని చాటించారు. ఆ రోజు తెల్లవారకముందే వాడ లేచింది. మామిడాకుల తోరణాలు, ముగ్గులు, డప్పులు. మామ ఇంట్లో గంజి కాగింది, పడుగు తడిసింది. నలుగురు మగవాళ్ళు దాన్ని చేతుల మీద మోసుకుని బయటికి వస్తే అక్క ముందు నడిచింది. మామ మొదటి గుంజను రోడ్డు అంచున నిలబెట్టి సమ్మెటతో కొట్టాడు. గుంజ ఎగిరి పక్కకు పడింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ పడింది. మూడోసారి గుంజ మొన చిట్లింది, రోడ్డు మీద చిన్న గీత కూడా పడలేదు.

తాతముత్తాతల నుంచీ ఆ మట్టిలో గుంజలు పాతుకుంటూ బతికిన వాళ్ళం. మట్టి పోతే గుంజ ఎక్కడ దిగుతుందో మూడేళ్లలో ఒక్కరికీ తట్టలేదు. అర్జీ రాసిన నాకూ తట్టలేదు. బాగా గట్టి రోడ్డు అని నా చేత్తో నేనే రాశాను కదా అని అప్పుడు గుర్తొచ్చింది. ఎవరో గడ్డపార తెచ్చారు. మా తాత చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. పదింటికి ప్రారంభమయ్యే రోడ్డును ఆరింటికి తవ్వితే మళ్ళీ జన్మలో మన వాడ మొహం ఎవరూ చూడరని ఆయన భయం. మామ రోడ్డు పక్కన చతికిలబడి, ఇక సోలాపూరే గతి అన్నాడు. అక్క నా వైపు చూడలేదు. చూస్తే ఇద్దరం ఏడుస్తామని ఇద్దరికీ తెలుసు.

తాత ఆ చిట్లిన గుంజను తీసి పక్కన పెట్టాడు. తరువాత నెమ్మదిగా తలపాగా బిగించాడు.

"గుంజలు దిగకుంటే ఏమైతది? మనం లేమా" అన్నాడు.

అంతే, వాడంతా కదిలింది. రెండు కొసలా పదేసి మంది మగవాళ్ళు తాడు పట్టి లాగారు. మధ్యలో గుంజల మీద ఉండాల్సిన అడ్డకర్రలను అటొకరు ఇటొకరు చేతులతో పట్టుకుని నిలబడ్డాం. ముసలమ్మలు, బాలింతలు తప్ప అందరం. ప్రారంభంలో పాట పాడటానికి బడి నుంచి వరసగా వచ్చిన పిల్లల్ని కూడా పంతులుగారు తలొక కర్ర దగ్గర నిలబెట్టారు. మామ, ఇంకో ఇద్దరు కుంచెలు పట్టుకుని దువ్వుకుంటూ పోతున్నారు. డప్పుల వాళ్ళు ఆపకుండా వాయిస్తున్నారు. నాకు ఎదురుగా మా కర్ర రెండో కొస పట్టుకుని అక్క. జీవితంలో అంత గొప్పగా నేనెప్పుడూ నిలబడలేదు. గుంజ అయినందుకు గర్వపడ్డ పిల్ల ప్రపంచంలో నేనొక్కదాన్నేనేమో!

గర్వం ఒక గంట ఉంది. తరువాత చేతులు లాగడం మొదలైంది. భుజాలు మండాయి. నా వైపు కర్ర కిందికి జారుతోందని అక్క కళ్ళతో చెబుతోంది. నేను పళ్ళు బిగపట్టాను. పడుగు ఇంకా సగమే ఆరింది.

అప్పుడే జీపు వచ్చింది. ఏర్పాట్లు చూడటానికి ముందుగా వచ్చిన ఇంజనీరు సారు అందులోంచి దిగాడు. కృష్ణా జిల్లా వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు, తెల్ల చొక్కా, నెత్తిన టోపీ. రోడ్డుకు అడ్డంగా మనుషులూ దారాలూ చూసి ఆయనకు ఒళ్ళు మండింది. పెద్దలు వచ్చే వేళవుతోంది, ఇదంతా వెంటనే తీయించండి అని కేకలేశాడు. మామ దండం పెట్టి ఏదో చెప్పబోతే వినిపించుకోలేదు. మా తాత తన కర్రను పక్కవాడికి అప్పగించి వచ్చాడు. వాదించలేదు. అర్జీల సంగతి ఎత్తలేదు. కిందికి జారిన నా కర్ర కొసను ఒకసారి చూశాడు.

"పిల్ల చేతులు పడిపోతున్నయి. జర పట్టుండ్రి సార్, గిప్పుడే వస్త" అని నా కర్ర తీసి ఆయన చేతుల్లో పెట్టేశాడు.

చిన్నపిల్ల మీద జాలితో సారు పట్టుకున్నాడు. తాత నా రెక్క పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయాడు. నాకు నీళ్ళిచ్చాడు. తను తాగాడు. తీరిగ్గా కూర్చుని ఆకూ వక్కా తీసి, ఆకుకు సున్నం రాసుకోవడం మొదలుపెట్టాడు. నాకు కాలు నిలవలేదు. సారు అక్కడ నిలబడే ఉన్నాడు తాతా, పోదాం పద అన్నాను.

"నిలవడనీ" అన్నాడు తాత, ఇంకో ఆకుకు సున్నం రాస్తూ.

నేను కిటికీ ఊచలు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. సారు మొదట ఇటూ అటూ చూశాడు, తాత కోసం కేకేశాడు. వదిలేద్దామని కర్ర కొంచెం దించాడు. పడుగు అక్కడ వేలాడింది. ఎదురుగా ఉన్న అక్క, పైకెత్తండి సార్, దారాలు అతుకుతాయి అని ఉన్న మాట చెప్పింది. ఎత్తాడు. ఎండ మొహాన కొట్టింది. టోపీ జారి కింద పడింది, వంగి తీసుకోవడానికి చేతుల్లేవు. వాడంతా చూస్తోంది, ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోలేక నేను మాత్రం లంగా అంచు నోట్లో కుక్కుకున్నాను. కాసేపటికి ఆయన అరవడం మానేశాడు. తన ముందు నుంచి కుంచె పోతున్నప్పుడు కర్రను ఎట్లా పట్టుకోవాలో మామను అడిగి సరిచేసుకున్నాడు.

మేము బయటికి వచ్చేసరికి పడుగు ఆరిపోయింది. మామ దాన్ని చేత్తో నిమిరి చూసి, ఇసుక రేణువు లేదు అని రెండుసార్లు అన్నాడు. సారు చేతులు విదిలించుకుంటూ, ఈ గుంజలు ఎంత లోతు పాతుతారని అక్కను అడిగాడు. మూర లోతు అంది అక్క. రోజూనా అంటే, వాన లేని ప్రతి పొద్దునా అంది. ఆయన వంగి టోపీ తీసి దులుపుకున్నాడు. అర్జీలో ఈ మాట రాయలేదేం అని తాతను అడిగాడు. నేను తాత వెనక్కి నక్కాను.

"యాదికి రాలే సార్. రోజూ కాళ్ల కింద ఉండేది ఎవలకు యాదికొస్తది" అన్నాడు తాత.

ప్రారంభం అనుకున్న వేళకే అయింది. సారు పారిపోయిన మనిషి కాదు. నాలుగో రోజున తనే దగ్గరుండి రోడ్డుకు రెండు అంచులా, అడుగులు కొలిపించి, ఇనప గొట్టాల ముక్కలు దిగ్గొట్టించాడు. గొట్టంలో గుంజ దిగుతుంది, పని అయ్యాక తీసేసి కర్రబిరడా పెడితే బండ్లు హాయిగా పోతాయి. పొద్దున బిరడాలు తీయడం, మళ్ళీ పెట్టడం వాడ పిల్లల వంతు. ఏ బిరడా ఎవరిదో మాకు హద్దులుండేవి, వాటి మీద కొట్లాటలూ ఉండేవి. మామ ఇక రానని సోలాపూర్‌కు ఉత్తరం రాయించాడు, నేనే రాశాను, ఈసారి నా సొంత మాట ఒక్కటీ కలపలేదు. అక్క పెళ్ళై సిరిసిల్ల వెళ్ళేదాకా మా పక్కింట్లోనే ఉంది.

ఇప్పుడు ఆ వీధి మీద ఎన్ని పొరల రోడ్డు పడిందో, ఆ గొట్టాలు ఎంత లోతున ఉన్నాయో. నాకు మాత్రం కొత్తది ఏది వచ్చినా ఇప్పటికీ అదే సంబరం. మనవలు నవ్వుతారు, నవ్వనీ. సంబరపడుతూనే, ఇక్కడ ఇంతకుముందు ఎవరి గుంజ ఉండేదని ఒకసారి చుట్టూ చూసుకోవడం అలవాటైంది.

మొన్న మా ఇంటి ముందు రోడ్డు వెడల్పు చేస్తామని గీతలు గీశారు. చక్కటి సిమెంటు రోడ్డు, పక్కన నడిచే బాట, నాకు భలే నచ్చింది. ఆ గీతలో మా ఇంటి అరుగు పోతుంది. పోతే పోనీ అనుకున్నాను. అంతలో కూరగాయల ఆమె వచ్చి, ఎప్పటిలాగే తన గంపను ఆ అరుగు మీదికి దించి ఊపిరి పీల్చుకుంది. నలభై ఇళ్ళు తిరిగే మనిషి, ఒక్కతే దించుకుని ఒక్కతే ఎత్తుకోగల ఎత్తున్నది ఈ వీధి మొత్తం మీద ఆ అరుగు ఒక్కటే. పక్కనే ఇంజనీరు పిల్లవాడు ఫోనులో రోడ్డు నక్షా చూసుకుంటున్నాడు. మంచి పిల్లవాడే. చెబితే వింటాడు, విని మర్చిపోతాడు. ఆమె చెవిలో ఒక మాట చెప్పి, గంపకు ఒక వైపు నేనూ చెయ్యి వేసి అతని దగ్గరికి తీసుకుపోయాను.

"జర పట్టు బిడ్డా, గిప్పుడే వస్త" అన్నాను.

పట్టుకున్నాడు. ఆమెకు మంచినీళ్ళు తేవడానికి నేను లోపలికి వెళ్ళాను. ఏమీ తొందరపడలేదు.